పచమంక: ఒక్కరు వండలేని వంట

పెరూ దేశంలో, మధ్య ఆండీస్ కొండల్లో, పెళ్లయినా పంట కోతయినా పశువుల పండగయినా ఊరంతా కలిసి చేసుకునే వంట ఒకటుంది. దాని పేరు పచమంక. అక్కడి స్థానిక భాష క్వెచువాలో నేలకుండ అని అర్థం. గుంత తవ్వి, బాగా కాలిన రాళ్ల మధ్య మాంసం, దుంపలు, మొక్కజొన్న పేర్చి, పైన మట్టి కప్పేస్తారు. గంటా గంటన్నర ఆగి తవ్వి తీస్తారు. అందరూ అక్కడే కూర్చుని తింటారు.

దీని గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఇది వేల ఏళ్ల నాటి పద్ధతి అని ఒకటి, కలిసిమెలిసి చేసుకునే విందు అని ఇంకొకటి. రెండూ నిజమే. కానీ ఆ పద్ధతికీ ఈ కలయికకీ మధ్య ముడి ఎక్కడుందో విప్పి చెప్పేవాళ్లు తక్కువ. కొండ ఊళ్లవాళ్లు మంచివాళ్లు కాబట్టి కలిసి వండుకుంటారు అన్నట్టు వదిలేస్తారు. నేను చదివి అర్థం చేసుకున్నంతలో ఆ ముడి రాళ్ల దగ్గరే ఉంది. కాలిన రాయి ఎంతసేపట్లో చల్లారుతుందో దాన్నిబట్టే ఈ వంటకి ఎన్ని చేతులు కావాలో తేలుతుంది. అందుకే ముందు రాళ్ల సంగతి చూద్దాం.

ఏ రాయి పడితే ఆ రాయి దీనికి పనికిరాదు. లోపల తేమ చిక్కుకున్న రాయి, పొరలు పొరలుగా ఉండే రాయి మంటలో చిట్లిపోతుంది. ఒక్కోసారి పేలి ముక్కలు ఎగిరి మీద పడతాయి కూడా. లోపలి నీరు ఆవిరై, బయటికి దారి దొరక్క, రాయినే బద్దలు కొడుతుంది. అందుకని దిట్టంగా, బరువుగా ఉండే రాళ్లు, దొరికితే అగ్నిపర్వత శిలలు ఏరుకుంటారు. ఒకసారి నిప్పుకి నిలిచిన రాయిని పారెయ్యరు. జాగ్రత్తగా ఒక పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడతారు.

గుంత మీద ఆ రాళ్లని ఒకదానికొకటి ఆనించి గుమ్మటంలా పేరుస్తారు. కట్టెలు తోయడానికి ఒక పక్క నోరు వదులుతారు. సున్నం లేదు, అడుసు లేదు, రాయి బరువే రాయిని నిలబెట్టాలి. లోపల రెండు మూడు గంటలు మంట పెడతారు. మొదట రాళ్లు మసి పట్టి నల్లబడతాయి. వేడి బాగా ఎక్కాక ఆ మసి కూడా కాలిపోయి తెల్లబడతాయి. అక్కడ థర్మామీటర్ పని ఆ రంగే చేస్తుంది. నల్లగా ఉన్నంతసేపూ ఆగాలి, తెల్లబడితే మొదలుపెట్టాలి. కొందరు నీళ్లు చిలకరించి కూడా చూస్తారు. చుక్క పడీ పడగానే చుయ్‌మని ఎగిరిపోవాలి.

ఇక అక్కణ్ణుంచి ఒక్క నిమిషం వృథా చేయడానికి లేదు. గుమ్మటాన్ని కూలగొట్టాలి. మండుతున్న కొరకంచులన్నీ లాగి పారెయ్యాలి, లేకపోతే పొగ లోపలే కమ్ముకుని తిండికి చేదు పడుతుంది. పారలతో, పచ్చి కర్రలతో రాళ్లని పక్కకి జరిపి అడుగున కొన్ని పరవాలి. వాటి మీద బంగాళదుంపలు, చిలగడదుంపలు, ఓకా అనే పుల్లతీపి దుంపలు వేస్తారు. ఎక్కువ వేడి కావలసింది దుంపలకే కాబట్టి చాలా ఊళ్లలో వాటికే అడుగు చోటు. వాటి మీద మళ్లీ రాళ్లు. ఆ పైన మాంసం. గొర్రె, పంది, కోడి, అల్పాకా అనే ఒంటె జాతి జంతువు, కుయ్ అని పిలిచే గినీ పిగ్, ఎవరికి ఏది ఉంటే అది. మళ్లీ రాళ్లు. ఆ పైన ఉమితలు, అంటే లేత మొక్కజొన్న రుబ్బి తీపి కలిపి, దాని కండె మీది ఆకుల్లోనే చుట్టిన పొట్లాలు. అన్నిటికన్నా పైన ఫావా చిక్కుళ్లు, తొక్కతో సహా. వాటి మీద మూలికల కొమ్మలు, లూసర్న్ గడ్డి, తడి గోనెపట్టాలు, చివరికి మట్టి. మట్టిలోంచి ఎక్కడైనా ఆవిరి చిమ్మితే అక్కడ ఇంకో పార మట్టి వెయ్యాలి.

ఒక మనిషి ఈ పని చేయబోతే ఏమవుతుందో ఊహించండి. దుంపలు వేసి మాంసం తెచ్చేలోపు రాళ్లు చల్లబడతాయి. మాంసం సర్దేలోపు ఇంకాస్త. మట్టి కప్పే వేళకి లోపల ఉడికించేంత వేడి ఉండదు, మళ్లీ మంట పెట్టే దారీ లేదు. పొయ్యి మీద వంటయితే మంట పెంచుకోవచ్చు, ఇంకో కట్టె దూర్చుకోవచ్చు. ఇక్కడ వంట మొదలయ్యేసరికే మంట అయిపోయింది. ఉన్న వేడి అంతా రాళ్లలో దాచుకున్నదే, అది క్షణక్షణానికీ తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి రాళ్లు లాగేవాళ్లు, అందించేవాళ్లు, సర్దేవాళ్లు, గోనెలు తడిపి పట్టుకుని నిలబడేవాళ్లు, మట్టి ఎత్తేవాళ్లు అందరూ ఒకేసారి అక్కడ ఉండాలి. నిమిషాల్లో అంతా మూతపడాలి.

కొద్దిమందికే చిన్నగా చేసుకుంటే సరిపోదా? ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. 100 కిలోల రాళ్లు 400 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి చల్లారితే సుమారు 25 మెగాజౌళ్ల వేడి బయటికొస్తుంది. 40 కిలోల తిండిని 15 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకి తీసుకురావడానికి 10 మెగాజౌళ్లు చాలు. మిగతాది చుట్టూ ఉన్న మట్టికీ, ఆవిరికీ పోతుంది. గుంత చిన్నదయ్యేకొద్దీ ఈ మట్టికి పోయే వాటా పెరుగుతుంది, ఎందుకంటే లోపలి పరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువవుతుంది. నలుగురి కోసం గుంత తవ్వడమంటే కట్టెలు దండగ, శ్రమ దండగ. నలభై మందికైతే గిట్టుబాటవుతుంది. చెట్లు పలచగా ఉండే ఆ ఎత్తుల్లో కట్టె అంటే ఆషామాషీ సరుకు కాదు.

ఆ ఎత్తు గురించి కూడా ఒక మాట. మంతారో లోయలోని వాంకాయో పట్నం సుమారు 3,250 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. 4,000 మీటర్ల మీద అయితే 87 డిగ్రీల దగ్గరే. కుండలో దుంపలు ఉడకాలన్నా, గట్టి మాంసం మెత్తబడాలన్నా మనకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. అందుకే పచమంక భూమిలో ప్రెషర్ కుక్కర్ లాంటిదని చాలాచోట్ల రాస్తుంటారు. ఈ మాట సరికాదు. మట్టి, గోనె, ఆకులు ఆవిరిని నెమ్మదిగా వదిలేస్తూనే ఉంటాయి తప్ప ఒత్తిడి పెరిగేంతగా బిగించవు. ఒత్తిడి పెరగనప్పుడు మరిగే డిగ్రీ కూడా పెరగదు.

మరి ఎలా ఉడుకుతుంది? రెండు రకాలుగా. రాయికి దూరంగా, ఆకుల మధ్య ఉన్నవి ఆవిరిలో మెల్లగా ఉడుకుతాయి. చిక్కుళ్లు, ఉమితలు ఈ కోవలోవి, వాటికి ఆ మాత్రం చాలు. రాయికి ఆనుకున్నవాటి సంగతి వేరు. అక్కడ పైపొర తడి ఆరిపోతుంది. ఆరిన తర్వాత ఆ చోటుకి 89 డిగ్రీల హద్దు లేదు, రాయి వేడి నేరుగా ఎక్కుతుంది. అందుకే దుంప తొక్క అక్కడక్కడా మాడి గట్టిపడుతుంది, మాంసం అంచులు ఎర్రగా వేగుతాయి, లోపల మాత్రం రసం అలాగే ఉంటుంది. కాల్చినట్టూ ఉంటుంది, ఉడికించినట్టూ ఉంటుంది. ఒకే గుంతలో రెండు వంటలు జరుగుతున్నాయి కాబట్టే ఏది ఏ వరసలో, రాయికి ఎంత దగ్గరగా పెట్టాలన్నది అనుభవం మీద తెలియాల్సిన పని.

ఇప్పుడు ఆ నలభై మంది సంగతి. వాళ్లు ఊరికే రారు, ఊరికే తినరు. క్వెచువా ఊళ్లలో అయ్ని అనే ఏర్పాటు ఉంది. ఈరోజు నువ్వు నా చేలో దున్నితే, రేపు నీ చేలో నేను దున్నాలి. పనికి పనే బదులు. మింక అని ఇంకోటి ఉంది. ఒక ఇంటికో ఊరుమ్మడి అవసరానికో అందరూ వచ్చి పనిచేస్తే, పిలిచినవాళ్లు కడుపునిండా తిండి పెట్టాలి, తాగడానికి పొయ్యాలి. పచమంక ఈ రెండిటి మధ్యా నడుస్తుంది. కట్టెలు ఒకరివి, దుంపలు ఒకరివి, గొర్రె ఇంకొకరిది, రాళ్లు మోసిన రెక్కలు మరొకరివి. ఎవరు ఏం తెచ్చారో అందరికీ గుర్తుంటుంది. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఎందుకు రాసుకుంటామో తెలిసినవాళ్లకి అయ్ని వెంటనే అర్థమవుతుంది. ఇచ్చింది ఉచితం కాదు, అలాగని అప్పూ కాదు. తిరిగి ఇవ్వాల్సిన రోజు వస్తుందని ఇద్దరికీ తెలుసు, ఆ రోజు వచ్చేదాకా సంబంధం తెగదు.

అందుకే దీన్ని కేవలం ప్రేమాభిమానాల విందుగా చూపిస్తే నాకు మింగుడుపడదు. అందులో ప్రేమ ఉంది, లెక్కా ఉంది. పండగ పెద్దగా నిలబడిన కుటుంబం మాంసం ఖర్చు చాలామటుకు తనే భరిస్తుంది. దానివల్ల పరువు పెరుగుతుంది, ఒక్కోసారి చేతిలో డబ్బు ఖాళీ అవుతుంది. పనిలో కూడా వాటాలున్నాయి. సాధారణంగా నిప్పు, రాళ్లు మగవాళ్లవి. ముందురోజు నుంచే మాంసానికి మసాలా పట్టించడం, మొక్కజొన్న రుబ్బడం, పొట్లాలు కట్టడం, మూలికలు ఏరడం ఆడవాళ్లవి. ఫోటోల్లో పడేది మాత్రం పొగలు కక్కే రాళ్లూ, వాటిని లాగే మగవాళ్లూ. ఆ మాంసానికి రుచి తెచ్చిన పని ఏ ఫోటోలోనూ కనిపించదు.

ఆ రుచి సంగతి వదిలెయ్యడానికి వీల్లేదు. పచమంకకి ప్రాణం రెండు ఆకులు: వకతాయ్, చించో. రెండూ మన బంతిపువ్వు జాతి మొక్కలే. మన గుమ్మాలకి కట్టే బంతి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే కాబట్టి ఇవి నిజంగానే దాని దాయాదులు. బంతి ఆకు చేత్తో నలిపి వాసన చూసినవాళ్లకి ఆ ఘాటు కొంత అందుతుంది. దానికి పుదీనా, సోంపు కలిసినట్టుండే పచ్చి వాసన తోడవుతుంది. ఈ ఆకుల్ని పండు మిరప ముద్ద, వెల్లుల్లి, జీలకర్ర, మొక్కజొన్నతో పులియబెట్టిన చిచ అనే కల్లుతో కలిపి నూరి మాంసానికి పట్టిస్తారు. కొమ్మలు కొమ్మలుగా గుంతలో కూడా వేస్తారు. వేడికి ఆకుల్లోని నూనె ఆవిరిలో కలిసి దుంపలోకీ చిక్కుడులోకీ దిగుతుంది.

ఇప్పుడా జాబితాని ఒకసారి పరీక్షగా చూడండి. వెల్లుల్లి, జీలకర్ర, గొర్రె, పంది, కోడి, ఫావా చిక్కుడు, ఇవన్నీ 1532లో స్పానిష్ సైన్యం దిగాక వచ్చినవి. మంటకి ఎక్కువగా వాడే యూకలిప్టస్ కట్టె ఇంకా ఆలస్యంగా, 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. దుంపలు, మొక్కజొన్న, మిరప, అల్పాకా, కుయ్, ఆ రెండు ఆకులు మాత్రం అక్కడివి. మన వంటింట్లో బంగాళదుంప, చిలగడదుంప, మిరపకాయ ఉన్నాయంటే అవి కూడా ఆ ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే. వేడి రాళ్లతో నేలలో వండటం స్పానిష్‌వాళ్ల కన్నా వేల ఏళ్ల ముందు నుంచీ ఆండీస్‌లో ఉంది. గుంతలోకి వెళ్లే సరుకు మాత్రం మారుతూనే వచ్చింది. ‘ఇంకాల నాటి అచ్చమైన వంటకం’ (ఇంకాలంటే స్పానిష్‌వాళ్లకి ముందు అక్కడ ఏలినవాళ్లు) అని బోర్డు పెట్టేవాళ్ల మాట నమ్మాల్సిన పనిలేదు. అలాగని విలువ తగ్గినట్టూ కాదు.

నమ్మకాల్లోనూ ఇదే కలగలుపు. భూమి తల్లి పచమామ. ఆగస్టులో దున్నకాలు మొదలయ్యే వేళకి నేల నోరు తెరుచుకుని ఆకలి మీద ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. ఆ నెలలో కోకా ఆకులు, చిచ నేలకి సమర్పిస్తారు. పచమంక గుంత దగ్గర కూడా ముందు నేల మీద కొంచెం చిచ వంపి తర్వాతే తాము తాగుతారు. మట్టి కప్పాక ఆ దిబ్బ మీద పూలతో చేసిన శిలువ గుచ్చుతారు. ఆ శిలువకి బాధ్యుడిగా ఒక పెద్దమనిషిని పెట్టుకుంటారు. జులై 25న మంతారో లోయలో సాంతియాగో పండగ. అప్పుడు పశువుల చెవులకి రంగురంగుల రిబ్బన్లు కట్టి, పాడుకుంటూ, పచమంక వండుకుంటారు. సాంతియాగో కేథలిక్ సెయింట్. పశువుల సంతతి కోసం మొక్కుకునేది మాత్రం కొండ దేవుళ్లకి కూడా. ఇందులో ఏది పైపూత, ఏది లోపలిది అని తేల్చే ప్రయత్నం పండితులు చాలా చేశారు. చేసుకునేవాళ్లకి ఆ పేచీ లేదు.

పచమంకతో తరచూ కలిపేసే ఇంకో వంట ఉంది, వతియా. దక్షిణ పెరూలో కుస్కో, పూనో వైపు, బొలీవియా పీఠభూమి మీద ఇది ఎక్కువ. దీనికి రాళ్లు అక్కర్లేదు, గుంతా అక్కర్లేదు. బంగాళదుంప తవ్విన చేలోనే, ఎండిన మట్టిపెళ్లలు ఏరి చిన్న గూడులా పేర్చి, లోపల గడ్డి, పిడకలు మండిస్తారు. పెళ్లలు కణకణలాడాక దుంపలు లోపలికి తోసి, గూడుని కర్రతో కొట్టి వాటి మీదే కూలదోస్తారు. అరగంట, ముప్పావుగంట చాలు. తవ్వి తీసి, మట్టి దులిపి, తొక్క ఒలుచుకుని తింటారు. పూనో వైపు దీనికి నంజుడు ఏమిటో తెలుసా? చాకో అనే తినే బంకమట్టి. నీళ్లలో కలిపి ఉప్పేసి, చిక్కటి పులుసులా చేసి దుంపని అందులో ముంచుకుంటారు. కొన్ని నాటు దుంపల్లో చేదు విషపదార్థాలు ఉంటాయి. ఆ మట్టి వాటిని పట్టుకుని ఒంటికి అంటకుండా చేస్తుందని పరిశోధనల్లో తేలింది. వతియాని నలుగురైదుగురు కూలీలు మధ్యాహ్నం చేసుకోవచ్చు. ఊరుమ్మడి కావాల్సింది పచమంకకే. రాయి తెచ్చిన తేడా ఇది.

చిలీ దక్షిణాన చిలోవే దీవిలో కురాంతో ఉంది. అది ఆండీస్ కొండల వంట కాదు, సముద్రపు ఒడ్డుది. కాలిన రాళ్ల మీద ఆల్చిప్పలు, పొగబెట్టిన పంది మాంసం, దుంపల రొట్టెలు వేసి, గొడుగంత నల్కా ఆకులు కప్పుతారు. అక్కడ చెక్క ఇంటిని ఇల్లు ఇల్లుగానే ఎడ్లతో లాగించి ఇంకోచోటికి మార్చే ఆచారం ఉంది. దానికి సాయమొచ్చిన ఊరందరికీ ఆ ఇంటివాళ్లు కురాంతో పెడతారు. చాలామంది చేతులు కలిపిన పని, చాలామందికి సరిపోయే గుంత, అదే జోడీ.

ఇక లిమా. గత శతాబ్దం మధ్య నుంచీ కొండ ఊళ్ల జనం రాజధానికి వలస వస్తూనే ఉన్నారు. 1980 నుంచి 2000 దాకా సాగిన అంతర్గత యుద్ధం ఆ వలసని బలవంతపు పరుగుగా మార్చింది. ఆ యుద్ధంలో సుమారు 69 వేల మంది చనిపోయారని దానిపై విచారణకి వేసిన సత్య కమిషన్ 2003లో అంచనా కట్టింది. వాళ్లలో నూటికి 75 మంది క్వెచువా లాంటి స్థానిక భాషలు మాట్లాడేవాళ్లే. ఎక్కువ నష్టపోయింది అయకూచో, అంటే పచమంక సొంత నేలల్లో ఒకటి. అదే 2003లో ప్రభుత్వం పచమంకని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చదవాలని నాకనిపిస్తుంది. వంటని గౌరవించిన దేశం, దాన్ని వండే మనుషుల్ని ఎలా చూసిందన్న ప్రశ్న అక్కడే ఉంది. 2015 నుంచి ఫిబ్రవరి మొదటి ఆదివారం జాతీయ పచమంక దినం. కొండల్లో అది వానాకాలం, గుంత తవ్వి నిప్పు నిలబెట్టడం కష్టమైన రోజులు. లిమాలో మాత్రం ఎండాకాలం.

నగరానికి వచ్చాక వంట మూడు దారులు పట్టింది. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు సంఘాలు పెట్టుకుని, ఊరి పండగ రోజున ఏ ఖాళీ స్థలంలోనో గుంత తవ్వుకుంటారు. చందాలు, పనులు, వాటాలు అన్నీ ఊళ్లో లాగానే. రెండోది లిమా శివార్లలో సియెనెగియా, లురిన్ లాంటి చోట్ల ఉన్న తోట హోటళ్లు. ఆదివారం కుటుంబాలు కార్లలో వచ్చి ప్లేటు ఇంత అని డబ్బిచ్చి తింటాయి. గుంత నిజమే, రాళ్లు నిజమే, అయ్ని బదులు బిల్లు. మూడోది కుండ పచమంక. అపార్ట్‌మెంట్ స్టవ్ మీద పెద్ద గిన్నెలో అదే మసాలా, అవే ఆకులు, అవే వరసలు, సన్నని సెగ. ఆకుల ఘాటు బాగానే వస్తుంది. రాయికి తగిలి మాడిన అంచు రాదు, మట్టివాసన రాదు. మంచి కూరే. కానీ దాన్ని ముగ్గురు తినొచ్చు, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రేపు వేడి చేసుకోవచ్చు. గుంత తవ్వితే ఆ వీలు లేదు. తెరిచిన క్షణం అందరూ ఉండాలి, వేడి వేడిగా పంచాలి.

హోటల్లో తినడం తప్పని నేననను. ఆ డబ్బుతో వలస కుటుంబాలు బతుకుతున్నాయి, రెండు ఆకుల పేర్లు నగరం పిల్లలకి తెలుస్తున్నాయి. వెళ్లే వీలుంటే మాత్రం చిన్న సలహా. చాలామంది పన్నెండున్నరకి, గుంత తెరిచే వేళకి వెళ్లి ఫోటో తీసుకుని తింటారు. మీరు ఉదయమే, రాళ్లు ఇంకా నల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అవి తెల్లబడ్డాక గుంత మూసేదాకా ఎన్ని చేతులు కదిలాయో చూడండి. ఒప్పుకుంటే మీరూ ఒక తడి గోనె పట్టుకోండి.